బోలు కర్ర

హార్లన్ గరాజ్‌లో పొడవాటి బల్ల మీద మూడు గాలపు కర్రలు పక్కపక్కనే ఉన్నాయి. మూడూ వెదురువే. మూడూ ఇంగ్లండ్‌లో డెబ్బై ఏళ్ళ కిందట చేసినవి. పాత కర్రలు కొని, బాగుచేసి, అమ్ముకునే ఆ ముసలాయన ఒక్కోదాన్నీ ముక్కముక్కగా సంచిలోంచి తీసి, ఇత్తడి గొట్టాల దగ్గర ఒకదానిలో ఒకటి బిగించి, తిన్నగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూసి మరీ బల్ల మీద పెట్టాడు.

"ఒక్కోటీ పది నిమిషాలు పట్టుకోండి," అన్నాడు. "చేయి ముందుకు చాచి, నీళ్ళ మీద పట్టుకున్నట్టు. మాటలు తర్వాత."

దివాకర్ పక్కనున్న వెంకటస్వామి వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "ఏంటి స్వామీ, హోంవర్క్ చేయనోళ్ళని నిలబెట్టినట్టు నిలబెడుతున్నాడు?"

వెంకటస్వామి నవ్వాడు. నవ్వుతూనే ముసలాయన కళ్ళెక్కడున్నాయో చూసుకున్నాడు. ఆయన దివాకర్‌ని చూడటం లేదు. వెంకటస్వామి చేతుల్నే చూస్తున్నాడు.

ఈ వెదురు కర్రల పిచ్చి దివాకర్‌కి ఈ వేసవిలోనే పట్టింది. ఇద్దరూ అరోరాలో ఒకే కంపెనీ. దివాకర్ ఆర్కిటెక్ట్, వెంకటస్వామి టెస్టింగ్ లీడ్. దివాకర్ రెఫర్ చేస్తేనే ఆరేళ్ళ కిందట అతనికి ఈ ప్రాజెక్టు దొరికింది. ఆదివారాలు ఇద్దరూ బ్లాక్‌బెర్రీ క్రీక్‌కి వెళ్ళి బెండు వేసి చేపలు పడతారు. ఒక్క కారు పట్టే దారంత వెడల్పుండే చిన్న ఏరు అది. అలాంటి ఏటికి ఫైబర్ కర్ర మోటుగా ఉంటుందనీ, తేలికపాటి పాత వెదురు కర్ర అయితే బెండు నీటి వాలుకు పోతుంటే చేతికి కబురు తెలుస్తుందనీ దివాకర్ ఎక్కడో చదివాడు. అప్పట్నుంచీ ఆఫీసులో లంచ్‌కి కూర్చున్నా ఇదే మాట.

దివాకర్ మొదట తీసుకున్నది మధ్యలోది. మొదలు నుంచి కొస దాకా ఆరు సన్న బద్దలు అతికించి చేసిన కర్ర. ఆరు పలకలూ తేనె రంగులో మెరుస్తున్నాయి. ఎర్ర పట్టుదారం చుట్లు. "అబ్బ! ఇది చూడు. ఇదీ వింటేజ్ అంటే."

నాలుగో నిమిషానికి కర్ర కొస కిందికి వాలడం మొదలైంది. ఆరో నిమిషానికి దివాకర్ రెండో చేయి సాయం పెట్టాడు.

"ఒక్క చేత్తో," అన్నాడు హార్లన్.

వెంకటస్వామి చివరనున్న కర్ర తీసుకున్నాడు. అది చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. కింది రెండు ముక్కలూ బద్దలుగా చీల్చని వెదురు బొంగులే. కణుపుల దగ్గర నల్లటి మచ్చలు అలాగే ఉన్నాయి. పై ముక్క ఒక్కటే బద్దలు అతికించినది. పన్నెండు అడుగుల పొడవున్నా చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే లేదు. వెదురు లోపల బోలు కదా మరి. బరువంతా పిడిలోనే ఆగిపోయింది.

అతని బొటనవేలు తనంతట తనే కదిలింది. పిడి మీది నుంచి మొదటి కణుపు దాకా, కణుపు చుట్టూ ఒకసారి, అక్కణ్ణుంచి రెండో కణుపు దాకా. ముదురు వెదురు. వానాకాలం పోయాక కొట్టినది. పురుగు లేదు, చీలిక లేదు. ఇత్తడి గొట్టం దగ్గర వేలు ఆగింది. గోరుతో చిన్నగా కొట్టి చూశాడు. బిగువుగా ఉంది. మూడు ముక్కలూ అలా చూసి, కొసకి వచ్చాక తల ఎత్తాడు.

హార్లన్ ఇంకా చేతులే చూస్తున్నాడు.

వెంకటస్వామి కర్ర బల్ల మీద పెట్టేసి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. షాపుల్లో గార్డులు ఇలాగే చూస్తారు. ఏం పట్టుకున్నాం, ఎక్కడ పెట్టాం అని. గరాజ్ వెనక గోడకి ఇంకో అర ఉంది. దానికి తాళం వేసి ఉంది. మంచివి అందులో ఉంటాయి, మనలాంటి వాళ్ళకి ఇవి చూపిస్తాడు, అనుకున్నాడు.

"ఇది తీసుకోండి దివాకర్ గారూ," అన్నాడు మెల్లిగా. "ఇదే తేలిక."

"ఇదా? మా ఊళ్ళో గేదెల్ని తోలే కర్రలా ఉంది కదయ్యా!"

"మీరు పట్టుకున్నది చూడ్డానికి బాగుంటది. సాయంత్రం దాకా పట్టుకోలేరు. ఇది చీల్చని బోలు వెదురు కాబట్టి కింద బరువుండదు. పైన బద్దలు కాబట్టి కొస వంగుద్ది. మీకు కావాల్సింది అదేగా?"

దివాకర్ కర్ర పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు. ముఖం మారింది. "నిజమే. దూదిలా ఉంది." తర్వాత కళ్ళు చిన్నవి చేసి అడిగాడు. "నీకివన్నీ ఎలా తెలుసు స్వామీ?"

"యూట్యూబ్‌లో చూశా," అన్నాడు వెంకటస్వామి.

ఆరేళ్ళుగా అతని దగ్గర ఇలాంటి జవాబులు కొన్ని సిద్ధంగా ఉన్నాయి. ఎడమ బొటనవేలి పక్క అడ్డంగా ఉన్న పాత కోతలు ఏమిటంటే, చిన్నప్పుడు తలుపు సందులో పడింది అంటాడు. మీ నాన్నగారు ఏం చేసేవారంటే, బిజినెస్ అంటాడు. అబద్ధం కాదు. పాల్వంచ సంతలో చేటలూ గంపలూ అమ్మడం బిజినెస్సే. వాటిని అల్లేదెవరు, ఆ వెదురు చీల్చేదెవరు అన్నదగ్గరికి మాట రాకుండా చూసుకుంటాడు.

హార్లన్ కర్ర ముక్కలు విడదీసి ఆకుపచ్చ గుడ్డ సంచిలో పెట్టి, సంచిని దివాకర్ చేతికిచ్చాడు. "వారం వాడండి. కర్ర సంగతి బల్ల మీద తెలియదు, నీళ్ళ మీద తెలుస్తుంది. వచ్చే శనివారం తెచ్చి, కావాలో వద్దో చెప్పండి. నీడలో ఉంచండి. అంతే."

"డిపాజిట్? కార్డ్?"

"అక్కర్లేదు."

కారు ఎక్కగానే దివాకర్ అన్నాడు. "లైసెన్స్ కూడా అడగలేదంటే ఏదో మెలిక ఉంది. తిరిగిచ్చేటప్పుడు ఇక్కడ గీత, అక్కడ గీత అంటాడు చూడు."

"అంటాడు," అన్నాడు వెంకటస్వామి. రెంటల్ కార్ల దగ్గర ఇద్దరికీ అనుభవమే.

యార్క్‌విల్ దాటాక దివాకర్ మాట మార్చాడు. "మన అక్షయ్ లేడూ, కొత్తగా చేరినవాడు. వాళ్ళెవరో తెలిసింది స్వామీ. మా శ్రీవల్లి ఫ్రెండ్ వాళ్ళ ఊరేనట. చూస్తే అలా అనిపించడు కదా?"

వెంకటస్వామి కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ, "అవునా," అన్నాడు. ఎవరని అడగలేదు.

*

ఆదివారం పొద్దున్నే క్రీక్‌లో నీళ్ళు మోకాలి లోతున సన్నగా పారుతున్నాయి. దివాకర్ కొత్త కర్రతో ఒడ్డున నిలబడి, బెండు వదిలి, నీటితో పాటు దాన్ని పోనిస్తున్నాడు. గంటలో నాలుగు చిన్న చేపలు పడ్డాయి. ప్రతిదానికీ కేక వేశాడు. ఫొటోలు తీయించుకుని, చేపల్ని నీళ్ళలో వదిలేశాడు.

"ఒకసారి నువ్వు పట్టుకో. మళ్ళీ అడిగితే ఇవ్వను."

వెంకటస్వామి పట్టుకున్నాడు. బెండు రాయి పక్కగా తిరిగి, ఆగి, మళ్ళీ కదిలింది. ఆ కదలిక కొసలోంచి కణుపు కణుపూ దిగి అరచేతిలోకి వచ్చింది. ఇలాంటిది తనకొకటి ఉంటే బాగుండునని అతనికి గట్టిగానే అనిపించింది. ఆ మాట పైకి అనలేదు. అంటే, నువ్వూ కొనుక్కో, ఇద్దరం వెళ్దాం అంటాడు దివాకర్. మళ్ళీ ఆ ముసలాయన, మళ్ళీ ఆ చూపు.

"అచ్చం పుట్టినప్పట్నుంచీ చేస్తున్నట్టు పట్టుకున్నావే," అన్నాడు దివాకర్ వెనక నుంచి. "మీ ఊరు ఏటి ఒడ్డునా?"

"వాగుంది."

"వాగంటే? మీరు ఏ వైపు ఉండేవాళ్ళు?"

మామూలు ప్రశ్నే కావచ్చు. కాకపోనూ వచ్చు. ఊళ్ళో ఏ వైపు ఇళ్ళు ఎవరివో తెలియని తెలుగువాడు ఎవడుంటాడు? వెంకటస్వామి దారం చుట్టేసి కర్ర తిరిగి ఇచ్చేశాడు.

"ఎండ ఎక్కుతోంది దివాకర్ గారూ. పోదాం. కర్ర నీడలో పెట్టమన్నాడాయన."

"పెడతాన్లే. నువ్వు ఆయనకి అసిస్టెంట్‌వా?"

*

బుధవారం సాయంత్రం దివాకర్ ఫోన్ చేశాడు. "అర్జెంట్‌గా రా. నేను చెప్పానా లేదా? ముసలోడు ముంచేశాడు."

వెంకటస్వామి వెళ్ళేసరికి డైనింగ్ టేబుల్ మీద కర్ర కింది ముక్క పడుకోబెట్టి ఉంది. దివాకర్ కూతురు అనిక, "హాయ్ అంకుల్," అని తల ఎత్తకుండానే పలకరించి మెట్లెక్కి వెళ్ళిపోయింది. దివాకర్ భార్య శ్రీవల్లి టీ తెచ్చింది.

"చూడండి అన్నయ్యా, ఎంత అన్యాయమో. పగిలిపోయిన కర్ర అంటగట్టాడు. పైకి వార్నిష్ కొట్టి కప్పేశాడన్నమాట."

రెండో కణుపు నుంచి మూడో కణుపు దాకా జానెడు పగులు. కత్తితో గీసినట్టు తిన్నగా ఉంది.

వెంకటస్వామి టీ కప్పు పక్కన పెట్టి, ముక్కని దీపం కిందికి తిప్పాడు. పగులు లోపల వెదురు తెల్లగా, లేత పసుపుగా ఉంది. దుమ్ము లేదు. వార్నిష్ లోపలికి దిగలేదు, పగులుతో పాటే రెండుగా తెగింది. దెబ్బ తగిలి పగిలితే పీచు లేస్తుంది, ఇక్కడ పీచు లేదు. ఇత్తడి గొట్టం పట్టుకుని మెల్లిగా తిప్పాడు. శనివారం బిగువుగా ఉన్న గొట్టం ఇప్పుడు కర్ర మీద తిరుగుతోంది. లోపలి వెదురు ఎండి చిక్కిపోయింది.

చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా చీల్చని వెదుళ్ళని ఎండలో మరిచిపోతే ఇలాగే టప్‌మని పగిలేవి. మరిచిపోయినవాళ్ళకి వీపు మీద ఇంకో టప్ పడేది.

"ఎక్కడ పెట్టారు దీన్ని?"

"ఇంట్లోనే," అన్నాడు దివాకర్ వెంటనే. "గరాజ్ గోడకి ఆనించి. ఎందుకు?"

"ఊరికే."

ఈ వారమంతా ఎండలు తొంభై అయిదు ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటుతున్నాయి. ఆఫీసు పార్కింగ్‌లో నీడే లేదు. వెంకటస్వామి ఇంకేం అడగలేదు.

"నేను రివ్యూ పెట్టేశా," అన్నాడు దివాకర్ ఫోన్ తిప్పుతూ. "ఒక్క స్టార్. విను. 'వింటేజ్ పేరుతో పగిలిన కర్రలు ఇస్తున్నాడు. ఇండియన్స్ అని తెలిసి మోసం చేశాడు.' అప్పుడే పద్నాలుగు మంది హెల్ప్‌ఫుల్ కొట్టారు. శ్రీవల్లి వాళ్ళ లేడీస్ గ్రూప్‌లో కూడా షేర్ చేసింది. ఎవరో ఇద్దరు అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసుకున్నారట."

"అప్పుడే ఎందుకండీ? శనివారం ఇచ్చేటప్పుడు అడగొచ్చు కదా."

"అడిగితే మన మీదే వేస్తాడు. అందుకే ముందు మనం వేశాం. శనివారం ఆయనతో ఒక కాగితం మీద రాయించుకుంటాను, పగులు ముందే ఉందని. నువ్వు సాక్షివి. నువ్వు కూడా ఒక రివ్యూ రాయి. ఇద్దరం రాస్తే వెయిట్ ఉంటుంది."

"నేను..."

"ఏంటి? శనివారం నువ్వేగా మొత్తం తడిమి చూసింది? పగులు కనబడలేదు, వార్నిష్‌తో కప్పాడు అని రెండు లైన్లు రాయి."

శ్రీవల్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. "అవునన్నయ్యా, అసలు మీరు కర్ర చూడటంలో ఎక్స్‌పర్ట్ అట కదా. ఈయన ఒకటే పొగడటం. మీ నాన్నగారికి టింబర్ బిజినెస్సా?"

వెంకటస్వామి టీ కప్పు ఎత్తి ఆఖరి గుక్క తాగినట్టు చేశాడు. కప్పులో టీ ఎప్పుడో అయిపోయింది.

"అలాంటిదేనండీ," అన్నాడు.

*

"పగులు కొత్తదని చెప్పి ఊరుకో," అంది వెంకటస్వామి భార్య సుధ. వంటింటి గట్టు తుడుస్తోంది. "ఎట్లా తెలుసంటే తెలుసు అను."

"దివాకర్ ఊరుకోడు. ఎట్లా, ఎక్కడ, ఎవరు నేర్పారు అంటాడు. ఇప్పటికే ఆరా తీస్తున్నాడు. ఆమె కూడా."

"తియ్యనీ."

"నీకేం, అంటావు. రేపట్నుంచి మనం వెళ్ళేసరికి మాటలాగిపోతే? అక్షయ్ గురించి కార్లో ఎట్లా అన్నాడో వినాల్సింది."

సుధ గుడ్డ పిండి ఆరేసింది. "మరయితే రాసెయ్యి రెండు లైన్లు. ఆ ముసలాయన మనకేమైనా చుట్టమా?"

అతను ఫోన్ తీశాడు. రివ్యూ పేజీలో హార్లన్ ఫొటో ఉంది, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, బల్ల మీదికి వంగి, దారం చుడుతూ. వెంకటస్వామి 'నేను చూసినప్పుడు' అని రెండు మాటలు టైప్ చేశాడు. తర్వాత ఏం రాసినా అబద్ధమే అవుతుంది. రెండు మాటలూ తుడిపేసి ఫోన్ బోర్లా పెట్టాడు.

"రాయలేదా?" అంది సుధ.

"రాలేదు."

*

శనివారం హార్లన్ గరాజ్ తలుపు సగం వరకే ఎత్తి ఉంది. ఇద్దరూ వంగి లోపలికి వెళ్ళారు. బల్ల ఖాళీగా ఉంది. ముసలాయన లేచి నిలబడలేదు.

"మీరు రాసింది చదివాను," అన్నాడు దివాకర్‌తో. "మా అమ్మాయి చదివి వినిపించింది. కర్ర ఇటివ్వండి."

దివాకర్ సంచి ఇచ్చాడు. హార్లన్ కింది ముక్క తీసి, కళ్ళజోడు దించుకుని పగులు చూశాడు. ఇత్తడి గొట్టం తిప్పి చూశాడు. అది వేలికి ఉంగరంలా తిరిగింది.

"ఇది కొత్త పగులు."

"అలాగే అంటారని తెలుసు," అన్నాడు దివాకర్. ఇంగ్లీషులో అతని గొంతు మీటింగ్‌లో గొంతులా ఉంది. "నేను ఏమీ అడగటం లేదు. పగులు ముందే ఉందని ఒక్క లైను రాసి సంతకం పెట్టండి. రేపు మీరు మా మీద క్లెయిమ్ వేయకుండా. రివ్యూ తీసేస్తాను."

"నేను మీ దగ్గర కార్డు కూడా తీసుకోలేదు."

"అదే అనుమానం మాకు."

హార్లన్ కర్ర ముక్కని ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత కుర్చీ వెంకటస్వామి వైపు తిప్పాడు.

"మీరు చెప్పండి. పోయిన శనివారం మీరు దీన్ని పిడి నుంచి కొస దాకా బొటనవేలితో చూశారు. ప్రతి కణుపు దగ్గరా ఆగారు. గొట్టం గోరుతో కొట్టి చూశారు. నలభై ఏళ్ళుగా ఇక్కడికి మనుషులు వస్తున్నారు. రంగు చూస్తారు, ఊపి చూస్తారు, ధర చూస్తారు. వెదుర్ని అలా చూసినవాళ్ళని నేను ఇద్దర్నో ముగ్గుర్నో చూశాను. వాళ్ళంతా వెదురు పనివాళ్ళే. అందుకే కాగితం లేకుండా ఇచ్చాను. మీరున్నారని." ఆయన కర్ర ముక్క ముందుకు చాచాడు. "ఈ పగులు అప్పుడుందా?"

వెంకటస్వామికి చెవులు వేడెక్కాయి. వారమంతా దొంగని చూసిన చూపనుకున్నది, ఇదా?

"స్వామీ," అన్నాడు దివాకర్ తెలుగులో, మెల్లిగా. "వార్నిష్ ఉంది కాబట్టి కనబడలేదు అను. చాలు."

కర్ర ముక్క ఇంకా అతని ముందే ఉంది. తీసుకున్నాడు. ఎక్కడ చూడాలో వేలికి తెలుసు.

"లేదు," అన్నాడు ఇంగ్లీషులో. "అప్పుడు లేదు. ఇది దెబ్బ వల్ల కాదు. మూసి ఉన్న చోట వేడికి ఎండిపోయి పగిలింది. కారులాంటి చోట. గొట్టం వదులైందీ అందుకే. లోపల చూడండి, తెల్లగా ఉంది. నాలుగైదు రోజుల కంటే పాతది కాదు."

"ఏం మాట్లాడుతున్నావ్?" దివాకర్ గొంతు లేచింది. "నీకెలా తెలుసు? యూట్యూబ్‌లో చూశావా?"

వెంకటస్వామి హార్లన్ వైపే చూస్తూ చెప్పాడు. "మా ఇంట్లో అందరూ బుట్టలు అల్లుతారు. మా నాన్న, మా అమ్మ, మా తాతలు. నేను ఆరో ఏట నుంచి వెదురు చీల్చాను. డిగ్రీలో చేరేదాకా."

ఇంగ్లీషులో అది ఎంత మామూలుగా ఉందో అతనికే వింతగా అనిపించింది. మా నాన్న వడ్రంగి అన్నట్టు, టీచర్ అన్నట్టు ఉంది. హార్లన్ తల ఊపాడు, అనుకున్నదే అన్నట్టు.

దివాకర్ మాత్రం తెలుగులో అన్నాడు. "అంటే... మీరు మేదర్లా?"

ఆ మాట గరాజ్‌లో పడింది. దాని బరువు అక్కడున్న ముగ్గురిలో ఇద్దరికే తెలుసు.

"అవునండీ," అన్నాడు వెంకటస్వామి. "మేదరోళ్ళమే."

దివాకర్ కార్ తాళాలు జేబులోంచి తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "నేను బయట ఉంటా," అని వంగి తలుపు కిందుగా వెళ్ళిపోయాడు.

హార్లన్ పగుల్ని దీపం కింద పెట్టాడు. "మీరైతే ఏం చేస్తారు?"

"ముందు తడి గుడ్డ చుట్టి నాలుగు రోజులు నీడలో ఉంచుతా. పగులు నోరు దానంతటదే దగ్గరికొస్తుంది. పూర్తిగా కాదు. తర్వాత సన్నగా జిగురు పోసి, కణుపు నుంచి కణుపు దాకా దారం బిగించి చుట్టాలి. మధ్యలో ఖాళీ లేకుండా."

"నేను గుడ్డ చుట్టను. నేలమాళిగలో పెడతాను, అక్కడ చెమ్మ ఉంటుంది. మిగతాది అంతే." ముసలాయన సంచి మడిచి పక్కన పెట్టాడు. "దారం చుట్టాలంటే రెండు జతల చేతులుండాలి. నా వేళ్ళు ఇప్పుడు బిగువు ఆపలేవు. వచ్చే శనివారం ఖాళీయేనా?"

వెంకటస్వామి ఆ సంచి వైపు చూశాడు. ఇందులో మెలిక ఏమిటా అని ఒక క్షణం అలవాటుగా వెతికాడు. ముసలాయన ఎదురు చూస్తున్నాడు, అంతే.

"వస్తాను," అన్నాడు.

తిరుగు దారిలో దివాకర్ పాటలు పెట్టాడు, తీసేశాడు, ఏసీ పెంచాడు. ఇంటి ముందు దింపి, "సరే మరి," అన్నాడు.

*

సోమవారం లంచ్‌కి వెంకటస్వామి కిందికి వెళ్ళకుండా సీట్లోనే డబ్బా తెరుచుకున్నాడు. పొద్దున్నుంచీ అతనొక జవాబు సిద్ధం చేసుకుంటున్నాడు. ఇన్నేళ్ళూ ఎందుకు దాచావని దివాకర్ అడుగుతాడు. లేదా, ఇక్కడ ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారు స్వామీ అని భుజం తడతాడు. రెండోదే ఎక్కువ భయంగా ఉంది. రెండింటికీ ఏమనాలో ఆలోచించి పెట్టుకున్నాడు.

దివాకర్ వచ్చి పక్క కుర్చీ లాక్కున్నాడు. చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"స్వామీ, కారు సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఏ కారు?"

"కర్ర కార్లో వదిలేశాను కదయ్యా. ఆదివారం నుంచి బుధవారం దాకా వెనక సీట్లోనే ఉంది. మర్చిపోయా, నిజంగా మర్చిపోయా." అతని నుదుటి మీద చెమట ఉంది. ఏసీ గదిలో. "రివ్యూ రాత్రే తీసేశా. కానీ శ్రీవల్లి నలభై మంది ఉన్న గ్రూప్‌లో పెట్టింది. ఇంట్లోనే పెట్టానని ఆవిడకి ఒట్టేసి చెప్పా. ఇప్పుడు తెలిస్తే ఆ నలభై మందిలో నా పరువేముంటుంది? నువ్వు సుధకి చెప్పి, సుధ ఇంకొకరికి చెప్పి..."

వెంకటస్వామి అతని ముఖం చూశాడు. రెండు రోజులుగా ఈ మనిషి నిద్ర లేకుండా ఉన్నాడని తెలుస్తోంది. ఎవరెవరికి తెలిసిందో, ఎవరు ఎలా చూస్తున్నారో, ఏ మామూలు మాట వెనక ఏముందో వెతుక్కుంటూ. ఆ పని ఎంత కష్టమో వెంకటస్వామికి తెలుసు.

"చెప్పను," అన్నాడు. "సుధకి కూడా చెప్పలేదు."

దివాకర్ ఊపిరి వదిలాడు. "థాంక్స్ బాస్. నువ్వు చెప్పవని తెలుసు."

"కానీ దివాకర్ గారూ, నా సంగతి మీరు దాచక్కర్లేదు. శ్రీవల్లి గారు మా నాన్నది టింబర్ బిజినెస్సా అని అడిగారు కదా. కాదు, బుట్టలల్లేవాడని చెప్పండి. మేదరోళ్ళమని చెప్పండి. గ్రూప్‌లో పెట్టుకున్నా నాకేం ఇబ్బంది లేదు."

దివాకర్ రెప్ప వేయకుండా చూశాడు. "ఛ, అదేంటి స్వామీ... అదసలు నేను..." అని ఆగాడు. నిజంగానే మరిచిపోయాడో, మరిచిపోయినట్టున్నాడో తెలియలేదు. మామూలుగా అయితే వెంకటస్వామి ఆ ముఖాన్ని సాయంత్రం దాకా గుర్తు చేసుకుని తిప్పి తిప్పి చూసేవాడు. ఇప్పుడు ఆకలేస్తోంది.

"ఈసారి శనివారమే క్రీక్‌కి వెళ్దామా మరి?" అన్నాడు దివాకర్ లేస్తూ. "నా పాత ఫైబర్ కర్రే తెస్తా."

"నాకు యార్క్‌విల్‌లో పనుందండీ. హార్లన్ దగ్గర," అని వెంకటస్వామి అన్నం కలపడం మొదలుపెట్టాడు.